జేబులో పట్టే ఒక్క బ్యాటరీ టార్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా వీధివాళ్ళు, గుంటూరులో మా చుట్టాలు, చిన్న టార్చి కొనాలంటే ముందు నాకు ఫోన్ చేస్తారు. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ ఒకే ఒక్క బ్యాటరీతో నడిచే, చొక్కా జేబులోనో తాళాల గుత్తికో పట్టే ఎల్‌ఈడీ టార్చిల గురించి. వేటకి, పోలీసు డ్యూటీకి వాడే పెద్ద టార్చిల సంగతి ఇందులో లేదు.

ఫోన్‌లో లైటు ఉందిగా, మళ్ళీ టార్చి ఎందుకు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు మేం రెండో అంతస్తులో ఉన్నాం. కింద వాటావాళ్ళు పిల్లల్ని తీసుకుని మా ఇంటికే వచ్చేశారు, మొత్తం పదకొండు మందిమి. కరెంటు లేదు, ఇన్వర్టరు మొదటి రాత్రికే అయిపోయింది. పడవ ఎటు వస్తుందో, పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారో తెలుసుకోవాలన్నా, ఊళ్ళో అమ్మకి మేం బాగానే ఉన్నామని చెప్పాలన్నా ఫోనే దిక్కు. ఛార్జింగ్ ఒక్కో శాతం తగ్గుతుంటే టెన్షన్ పెరిగేది. అలాంటి ఫోన్‌ని బాత్రూమ్‌కి దారి చూసుకోవడానికి ఎవరు వాడతారు?

నా తాళాల గుత్తికి ఒక ట్రిపుల్ ఏ టార్చి ఉండేది. దాన్ని తక్కువ వెలుగులో పెట్టి, స్టీలు గ్లాసులో నిలబెట్టి, తెల్ల సీలింగు వైపు తిప్పితే గదంతా మసకగా కనిపించేది. పిల్లలు భయపడకుండా పడుకోవడానికి అది చాలు. సెల్లు అయిపోయాక టీవీ రిమోట్‌లోది తీసి వేశాం. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే పెద్ద టార్చి కూడా ఉంది, అది రెండో రాత్రి ఆరిపోయింది, మళ్ళీ వెలగాలంటే కరెంటు రావాలి. ఆ నాలుగు రాత్రుల తర్వాతే నేను టార్చిలని వెలుగును బట్టి కాకుండా బ్యాటరీని బట్టి చూడటం మొదలుపెట్టాను.

మామూలు రోజుల్లో కూడా ఫోన్ లైటుతో ఇబ్బందే. పది అడుగులు దాటితే ఏమీ కనిపించదు, మీటరు బోర్డు దగ్గర ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో ఫ్యూజు పీకడం ప్రమాదం, స్కూటర్ కింద పడిన బోల్టు వెతకడానికి పది వేల ఫోన్‌ని నేలకి ఆనించాలి.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏది కొనాలి?

ముందు ఏ బ్యాటరీ వాడతారో తేల్చుకోండి, టార్చి తర్వాత. సైజు, బరువు, ఎంత వెలుగు, ఎంతసేపు, అర్ధరాత్రి సెల్లు అయిపోతే ఎక్కడ దొరుకుతుంది, నాలుగేళ్ళ తర్వాత పనిచేస్తుందా లేదా, అన్నీ బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటాయి. ఎక్కువమంది టార్చి అందం చూసి కొని, తర్వాత బ్యాటరీ కోసం తిరుగుతారు.

ఇంకా తేలకపోతే, మీ చుట్టుపక్కల కిరాణా కొట్లో దొరికే డబుల్ ఏ సెల్లు వేసుకునేది, మొదటి నొక్కుకే తక్కువ వెలుగుతో వెలిగేది తీసుకోండి. పది మందిలో ఎనిమిది మందికి అది సరిపోతుంది.

డబుల్ ఏ, ట్రిపుల్ ఏ, 14500, 18650... ఈ పేర్లేమిటి?

ట్రిపుల్ ఏ అంటే రిమోట్లలో వేసే సన్న సెల్లు, పదిన్నర మిల్లీమీటర్ల లావు, 44.5 మిల్లీమీటర్ల పొడవు. డబుల్ ఏ అంటే గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు, పద్నాలుగున్నర మిల్లీమీటర్ల లావు, 50.5 పొడవు. చేతిలో పట్టుకుంటే కొంచెమే తేడా అనిపిస్తుంది గానీ లోపల దాచుకునే కరెంటు డబుల్ ఏలో రెండు రెట్లకు పైనే ఉంటుంది. అందుకే ట్రిపుల్ ఏ టార్చి ఎప్పుడూ వెంట ఉంచుకోవడానికి బాగుంటుంది, పని చేసుకోవడానికైతే డబుల్ ఏ మేలు.

అంకెల పేర్లున్నవి లిథియం అయాన్ రీఛార్జబుల్ బ్యాటరీలు. ఆ అంకెలు కొలతలే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. 14500 అంటే 14 లావు, 50 పొడవు, అంటే చూడటానికి అచ్చం డబుల్ ఏ. సైజు ఒకటే అయినా వోల్టేజీ వేరు: డబుల్ ఏ ఒకటిన్నర వోల్టులు, 14500 మాత్రం 3.7, నిండా ఛార్జి చేస్తే 4.2. ఈ తేడా మర్చిపోతే వస్తువులు కాలిపోతాయి, దాని గురించి కింద విడిగా రాశాను.

మంచి 18650 ఒక్కదానిలో ఉండే శక్తి రీఛార్జబుల్ డబుల్ ఏతో పోలిస్తే నాలుగు రెట్లు పైమాటే. అందుకని వెలుగు పిచ్చి ఉన్నవాళ్ళంతా దానికే వెళ్తారు. కానీ 18650 టార్చి చొక్కా జేబులో పెడితే జేబు వేలాడుతుంది, అయిపోతే కొట్టుకి వెళ్ళి కొనుక్కోలేం. రోజూ వెంట ఉంచుకోవడానికి నేను దాన్ని సిఫార్సు చేయను.

తెల్లటి ఎల్‌ఈడీకి మూడు వోల్టులు కావాలంటారు, మరి ఒకటిన్నర వోల్టు సెల్లుతో ఎలా వెలుగుతుంది?

లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, అది వోల్టేజీని పెంచి ఎల్‌ఈడీకి ఇస్తుంది. టార్చి నాణ్యత చాలావరకు ఈ సర్క్యూట్ మీదే ఆధారపడి ఉంటుంది. మంచిదైతే బ్యాటరీ తగ్గుతున్నా వెలుగు నిలకడగా ఉంటుంది, చివర్లో ఒక్కసారి తగ్గుతుంది. చౌక రకాల్లో మొదటి నిమిషం నుంచే వెలుగు జారిపోతూ ఉంటుంది, మన కన్ను అలవాటు పడిపోతుంది కాబట్టి వెంటనే తెలియదు.

మామూలు సెల్లా, ఆల్కలైనా, రీఛార్జబులా?

మన కొట్లలో చవగ్గా దొరికే ఎర్ర ఎవరెడీలు, నిప్పోలు ఎక్కువగా జింక్ కార్బన్ రకం. (నిప్పో మన నెల్లూరు సరుకే, మా నాన్న రేడియోలో అవే వేసేవారు.) రిమోట్‌కి, గడియారానికి అవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే ఆ వస్తువులు కరెంటు చుక్క చుక్కగా తాగుతాయి. టార్చి అలా కాదు, ఒకేసారి ఎక్కువ లాగుతుంది, అంత ఇవ్వడం ఆ సెల్లు వల్ల కాదు. తక్కువ వెలుగులో పెడితే నడుస్తుంది, ఎక్కువలో పెడితే కొద్దిసేపటికే నీరసించిపోతుంది.

ఆల్కలైన్‌లో శక్తి ఎక్కువ, అయితే ఎక్కువ వెలుగులో పెట్టినప్పుడు అది కూడా పూర్తిగా ఇవ్వలేదు. పైగా కారుతుంది. టార్చిలో వేసి ఏడాది మర్చిపోతే అంతే సంగతులు.

నేను వాడేది, అందరికీ చెప్పేది నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్. దాని మీద 1.2 వోల్టులు అని రాసి ఉంటుంది, "ఒకటిన్నర కాదు కదా, తక్కువ వెలుగొస్తుందేమో" అని మా బావగారు అడిగారు. రాదు. ఆల్కలైన్ ఒకటిన్నరతో మొదలై వాడేకొద్దీ కిందికి జారుతుంది, ఇది దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది, ఎక్కువ కరెంటు అడిగినా తడబడదు. ఇంతకుముందు వీటికి ఒక జబ్బు ఉండేది, వాడకపోయినా కొన్ని వారాల్లో ఖాళీ అయ్యేవి. 2005లో సాన్యో ఎనెలూప్ అనే రకం తెచ్చాక ఆ బాధ పోయింది, ఇప్పుడు దాన్ని పానసోనిక్ అమ్ముతోంది. ఛార్జి చేసి ఏడాది బీరువాలో పెట్టినా ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. ఇలాంటి రకాన్ని లో సెల్ఫ్ డిశ్చార్జ్ అంటారు, వేరే కంపెనీలవి కూడా ఉన్నాయి, కొనేటప్పుడు ఆ మాట చూసుకోండి.

సెల్లు ఎంత కరెంటు దాచుకుంటుందో ఎంఏహెచ్ అనే అంకెలో రాస్తారు. డబుల్ ఏ అయితే 2000 ఎంఏహెచ్ చుట్టూ, ట్రిపుల్ ఏ అయితే 800 చుట్టూ ఉన్నవి నమ్మకంగా పనిచేస్తాయి. డబుల్ ఏ మీద 4000 అని రాసి ఉంటే, ఆ సైజులో అంత పట్టదు, ఆ కొట్టు నుంచి వచ్చేయండి. ఛార్జరు విషయంలో ఒక్క మాట: రెండేసి సెల్లులు జతగా పెడితేనే పనిచేసే రకం వద్దు, ఒక్కో సెల్లుని విడిగా ఛార్జి చేసేది కావాలి, మన టార్చిలో ఉండేది ఒక్కటే కాబట్టి.

టార్చిలో సెల్లు కారిపోయి ఇరుక్కుపోయింది. బాగవుతుందా?

చాలాసార్లు అవుతుంది. ఆల్కలైన్ సెల్లు నుంచి వచ్చే తెల్లటి పొడి క్షారం, కాబట్టి పుల్లటిది కావాలి. దూది పుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి రాస్తే చిన్నగా నురగొచ్చి కరుగుతుంది, తర్వాత తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి, కంటికి తగలకుండా చూసుకోండి. సెల్లు ఉబ్బి లోపల బిగుసుకుపోతే మాత్రం డ్రిల్లింగ్ మిషన్ జోలికి వెళ్ళకండి, స్ప్రింగుతో పాటు సర్క్యూట్ కూడా పోతుంది. రెండు వైపులా విప్పే రకమైతే ముందు నుంచి కర్రముక్కతో నెట్టి చూడండి.

డబుల్ ఏ టార్చిలో 14500 వేస్తే వెలుగు రెండింతలు అవుతుందట, నిజమేనా?

రెండింతలు కాదు, కొన్నిటిలో ఇంకా ఎక్కువే అవుతుంది. అయితే కంపెనీ వాళ్ళు "14500 కూడా వేసుకోవచ్చు" అని స్పష్టంగా రాస్తేనే. అలా రాయని టార్చిలో వేస్తే ఒకటిన్నర వోల్టుకి తయారైన సర్క్యూట్‌కి నాలుగు వోల్టులు తగులుతాయి, ఒక్కసారి కళ్ళు చెదిరేలా వెలిగి మాడిపోవచ్చు.

నాకు అసలు భయం టార్చి గురించి కాదు, ఇంట్లో మిగతావాళ్ళ గురించి. డబుల్ ఏలాగే ఉంటుంది కదా అని 14500ని పిల్లల బొమ్మలోనో గోడ గడియారంలోనో వేస్తారు. 14500 ఇంట్లో ఉంచేవాళ్ళు వాటిని విడి డబ్బాలో పెట్టి, పైన పెద్దక్షరాలతో రాసి పెట్టండి. లిథియం అయాన్ బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులో వదిలేయకూడదు, రెండు కొసలు కలిసి షార్ట్ అయితే కాలుతుంది. పై తొడుగు చిరిగితే ఇక వాడకండి. కొనేటప్పుడు ఐఎస్ 16046 గుర్తు ఉందో లేదో చూడండి, మన దేశంలో రీఛార్జబుల్ లిథియం సెల్లులకి అది తప్పనిసరి.

టైప్ సీ పోర్టు ఉన్న డబుల్ ఏ బ్యాటరీలు వస్తున్నాయి, అవి?

లోపల లిథియం పెట్టి, సర్క్యూట్‌తో ఒకటిన్నర వోల్టుకి తగ్గించి ఇస్తారు. ఫోన్ ఛార్జరుతోనే పని అయిపోతుంది, సౌకర్యమే. ఒకటే ఇబ్బంది, వీటిలో చాలావి చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి ఉన్నట్టుండి ఆగిపోతాయి. వెలుగు తగ్గుతుంది కదా, సెల్లు మార్చుకుందాం అనే హెచ్చరిక ఉండదు. మెట్లు దిగుతుండగా అలా ఆరిపోతే కష్టం.

మరి ఛార్జింగ్ పోర్టు టార్చికే ఉంటే?

బ్యాటరీ బయటికి తీయగలిగేదైతే మంచిదే. బ్యాటరీ లోపలే అతికించినదైతే నేను కొనను. ఆ బ్యాటరీ కొన్నేళ్ళకి ముసలిదవుతుంది, దానితో పాటు బాగున్న టార్చి కూడా చెత్తబుట్టలోకి వెళ్తుంది. బుడమేరు రాత్రులు చూసినవాడిగా ఈ ఒక్క విషయంలో నేను మెట్టు దిగను. ఫుట్‌పాత్ మీద అమ్మే, వెనక రెండు పిన్నులు బయటికి వచ్చే ప్లాస్టిక్ టార్చిలు చాలావాటిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, ఖాళీగా రెండు మూడు నెలలు వదిలేస్తే అది మళ్ళీ కోలుకోదు. కరెంటు ఎప్పుడో గానీ పోని ఇంట్లో జరిగేది సరిగ్గా అదే.

ఎన్ని ల్యూమెన్లు కావాలి?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత. బల్బు ఉండే రోజుల్లో మ్యాగ్‌లైట్ సాలిటేర్ అనే ట్రిపుల్ ఏ టార్చి ఇచ్చే వెలుగు రెండంటే రెండు ల్యూమెన్లు. దానితోనే జనం తాళం కన్నం వెతుక్కున్నారు, మెట్లు దిగారు. ఎల్‌ఈడీ వచ్చాక అదే టార్చి 47 ఇస్తోంది. ఇంకొన్ని కంపెనీలవి అదే ఒక్క ట్రిపుల్ ఏతో 150 దాటిపోయాయి.

నా వాడకంలో తేలింది ఇది. రాత్రి నిద్రలో లేచి మంచినీళ్ళకి వెళ్ళడానికి ఒక ల్యూమెన్, లేదా అంతకన్నా తక్కువ. నిజంగానే, ఎందుకంటే కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, అలా అలవాటు పడిన కంటికి అదే ఎక్కువ, పక్కన పడుకున్నవాళ్ళు కూడా లేవరు. ఇంట్లో పనికి ఐదు నుంచి పది. అపార్ట్‌మెంట్ మెట్లు, సెల్లారు పార్కింగు, సందులో నడక అయితే 30 నుంచి 50. మేడ మీద ట్యాంకు చూడాలన్నా, చీకటి రోడ్డు మీద నడవాలన్నా 100 నుంచి 150. అంతకుమించి కావాల్సిన పని పట్నంలో నాకు ఎప్పుడో గానీ పడలేదు.

ఇంకొకటి, 100 ల్యూమెన్ల కన్నా 200 రెండింతలుగా కనిపించవు. మన కంటికి రెండింతలు అనిపించాలంటే దాదాపు నాలుగు రెట్లు వెలుగు కావాలి. కాబట్టి 150కి, 180కి తేడా గురించి ఎక్కువ డబ్బు పెట్టకండి. అదే తక్కువ స్థాయి ఎంత, ఎన్ని గంటలు అనేది చూడండి. 5 ల్యూమెన్ల దగ్గర 15 గంటలు నడిచే టార్చి నాలుగు రాత్రులు గడిపేస్తుంది, 150 దగ్గర నడిస్తే గంట కూడా కష్టం.

డబ్బా మీద 100 మీటర్ల దూరం అని ఉంది, నాకు సగం దూరం కూడా కనిపించట్లేదు?

అబద్ధం కాదు, కొలిచే పద్ధతి అలాంటిది. మంచి కంపెనీలు ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం రాస్తాయి. అందులో దూరం అంటే వెలుగు తగ్గి తగ్గి పావు లక్స్‌కి, అంటే సుమారుగా పున్నమి వెన్నెల అంతకి చేరే చోటు. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు కదా. రాసినదాంట్లో సగమో, అంతకన్నా తక్కువో లెక్క వేసుకోండి.

నడిచే సమయం కూడా అంతే. వెలుగు మొదట ఉన్నదానిలో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కపెడతారు. "180 ల్యూమెన్లు, గంటన్నర" అంటే గంటన్నరా 180 అని కాదు. చాలా చిన్న టార్చిలు కొద్ది నిమిషాల్లోనే వేడి వల్ల తమంతట తామే సగానికి తగ్గిపోతాయి. పాడైందని తిరిగి పంపకండి, అలా తగ్గాలనే దాన్ని తయారుచేశారు.

బేసెంట్ రోడ్డులో 10000 ల్యూమెన్ల జూమ్ టార్చి చాలా తక్కువకి ఇస్తున్నారు, తీసుకోనా?

అంత చిన్న టార్చి, ఒక్క బ్యాటరీతో ఆ వెలుగు ఇచ్చి నిలబెట్టడం కుదిరే పని కాదు, వేడికి పట్టుకోలేరు. దానితో వచ్చే 18650 మీద 9900 ఎంఏహెచ్ అని కూడా ఉంటుంది, పేరున్న కంపెనీల మంచి 18650లే 3500 చుట్టూ ఆగుతాయి. గుంటూరు పట్నం బజారులో అయినా, విజయవాడ గవర్నర్‌పేటలో అయినా పద్ధతి ఒకటే: డబ్బా మీద అంకెలు ఎంత పెద్దవైతే అంత దూరంగా ఉండండి. టార్చి బాగా పనిచేసినా, ఆ పేరులేని లిథియం బ్యాటరీని ఇంట్లో ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం నాకు ఇష్టం లేదు.

తెల్ల వెలుగా, పసుపు వెలుగా?

ఇది చాలామంది పట్టించుకోరు. పట్టించుకున్నాక మళ్ళీ పాతదానికి వెళ్ళలేరు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. చౌక వాటిలో నీలం ఎక్కువగా తెలుస్తుంది, వెలుగు 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం) దాటి ట్యూబులైటులా పాలిపోయి ఉంటుంది. 4000 నుంచి 5000 మధ్యలో ఉన్నది కంటికి హాయిగా ఉంటుంది.

రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్‌ఐ, నూటికి ఎంత అని. 70 ఉన్నవి మామూలు, 90 దాటినవి మంచివి. గుంటూరు మిర్చి వ్యాపారంలో ఉన్న మా చుట్టం ఒకాయన కోల్డ్ స్టోరేజీలో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ చూడటానికి ఫోన్ లైటు వాడేవారు. ఆ వెలుగులో తేజ రకం ఎర్ర కాయ కూడా గోధుమ రంగుకి తిరిగినట్టు ఉంటుంది, తాలు కాయకి, మంచి కాయకి తేడా తెలియదు. నేను 90 సీఆర్‌ఐ టార్చి ఇచ్చాను, ఆ రోజు నుంచి ఆయన దాన్ని జేబులోంచి తీయలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సీఆర్‌ఐ లెక్కలో ముదురు ఎరుపు కలవదు, దాన్ని ఆర్9 అని విడిగా రాస్తారు. మిర్చి, మాంసం, ఒంటి మీద దద్దుర్లు, కరెంటు తీగల రంగులు చూసేవాళ్ళు ఆర్9 ఎక్కువున్నది వెతకండి. జపాన్ నిచియా కంపెనీ 219 రకం ఎల్‌ఈడీలకి ఈ విషయంలో మంచి పేరుంది. అలాంటి ఎల్‌ఈడీల్లో మొత్తం వెలుగు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

తల తిప్పే రకం మంచిదా, వెనక నొక్కేదా, పక్కన బటన్ ఉన్నదా?

తిప్పే రకంలో చెడిపోవడానికి ఏమీ లేదు, అన్నిటికన్నా చిన్నగా ఉంటుంది, కానీ రెండు చేతులు కావాలి. చేతిలో కూరగాయల సంచీ ఉంటే తెలుస్తుంది ఆ బాధ. వెనక నొక్కేది ఒక చేత్తో అయిపోతుంది. పక్క బటన్ ఉన్నవాటిలో లోపల సర్క్యూట్ ఎప్పుడూ మేలుకునే ఉండి కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతుంది, పైగా జేబులో తనంతట తనే వెలుగుతుంది. అలాంటిదైతే వెనక మూత పావు వంతు వదులు చేసి పెట్టండి, మర దగ్గర పూత పూసినవాటిలో అలా చేస్తే కరెంటు తెగిపోతుంది.

స్విచ్ కన్నా ముఖ్యం వెలుగుల వరుస. మొదట తక్కువ రావాలి. అర్ధరాత్రి కళ్ళలోకి 150 ల్యూమెన్లు కొట్టే టార్చిని రెండు రోజుల్లో పక్కన పడేస్తారు.

స్ట్రోబ్, ఎస్‌ఓఎస్ అవసరమా?

స్ట్రోబ్ అంటే గబగబా ఆరి వెలిగే వెలుగు, ఎస్‌ఓఎస్ అంటే ఆపదలో సాయం కోరే మినుకుల సంకేతం. ఇంట్లో వద్దు. ప్రతిసారీ వాటిని దాటుకుంటూ వెళ్ళాల్సిన టార్చి అయితే అసలే వద్దు.

ఫోన్ కెమెరాలో టార్చి వెలుగు గీతలు గీతలుగా కనిపిస్తోంది. పాడైందా?

లేదు. వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని వేగంగా ఆర్పుతూ వెలిగిస్తున్నారు, దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. వేగం తక్కువైతే తిరిగే ఫ్యాను రెక్కలు ఆగి ఆగి కదిలినట్టు కనిపిస్తాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. కొట్లోనే ఫోన్ కెమెరాతో చూసి తీసుకోండి.

వానలో తడిస్తే?

ఐపీఎక్స్ అనేది నీళ్ళని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. ఐపీఎక్స్4 అంటే చినుకులకి తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట, ఐపీఎక్స్8 అంతకన్నా ఎక్కువ. మన దగ్గర వానతో పాటు చెమట కూడా ఉంది, మే నెలలో చొక్కా జేబు తడిసి ముద్దవుతుంది. కనీసం 7 ఉన్నది తీసుకోండి. మూత దగ్గరుండే రబ్బరు రింగుకి ఆరు నెలలకోసారి కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే చాలు. కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది.

ఎండాకాలం కారులో పెట్టొచ్చా?

బెజవాడ ఎండలో, అద్దాలు మూసిన కారులో లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న టార్చిని డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. బయట 45 ఉంటే లోపల ఎంత ఉంటుందో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి తెలుసు. కారు కోసమైతే టార్చి, సెల్లు విడివిడిగా సీటు కింద డబ్బాలో పెట్టండి. లేదంటే బ్యాగులో వెంట తీసుకెళ్ళండి.

రాత్రి పొలానికి వెళ్తాం, మోటారు చూసుకోవాలి. చిన్న టార్చి సరిపోతుందా?

ఇది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే మా ఊరు దివిసీమ వైపు, అక్కడ పాము భయం ఎంతో తెలుసు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. రక్తపింజరి ఎండుటాకుల్లో ఆకులాగే కలిసిపోయి పడుకుంటుంది, కదలదు. దూరం కొట్టే సన్నటి వెలుగు కన్నా మీ కాళ్ళ ముందు పదిహేను అడుగులు వెడల్పుగా పరుచుకునే వెలుగు కావాలి, రంగులు నిజంగా చూపించేది కావాలి. ఎండుగడ్డిలో గోధుమరంగు మచ్చల్ని నీలం వెలుగు చదును చేసేస్తుంది, వెచ్చటి వెలుగులో అవి విడిగా తెలుస్తాయి. 100 నుంచి 150 ల్యూమెన్లు నిలకడగా ఇచ్చే డబుల్ ఏ టార్చి, జేబులో ఇంకో సెల్లు. కొనుక్కున్నాక ఒకసారి పగలు సెల్లు మార్చడం అలవాటు చేసుకోండి, చీకట్లో గట్టు మీద నిలబడి మొదటిసారి మార్చకండి. బూట్లు, చేతికర్ర ఎలాగూ ఉండాలి. స్టార్టరు డబ్బా తెరిచే ముందు లోపల కూడా వెలుగు వేసి చూడండి.

పేర్లు చెప్పండి, మీరు చూసినవాటిలో ఏవి బాగున్నాయి?

ట్రిపుల్ ఏలో ఓలైట్ ఐ3టీ ఈఓఎస్. ఎక్కువలో 180, తక్కువలో 5 ల్యూమెన్లు, వెనక నొక్కే స్విచ్, రెండు వైపులా తగిలించుకునే క్లిప్పు. చొక్కా జేబుకి పెన్నులా ఉంటుంది. తాళాల గుత్తికైతే ఫెనిక్స్ ఈ01 రెండో వెర్షన్, తిప్పే రకం, 100 ల్యూమెన్లు, కింద పడినా ఏమీ కాదు. డబుల్ ఏలో ఫెనిక్స్ ఈ12 రెండో వెర్షన్, 160 ల్యూమెన్లు, వాడటం అందరికీ వచ్చేస్తుంది. సోఫిర్న్ ఎస్‌పీ10 ప్రో డబుల్ ఏ, 14500 రెండూ తీసుకుంటుంది, 14500తో 900 ల్యూమెన్లు అని కంపెనీ చెబుతుంది, మసక వెలుగు కూడా చాలా బాగుంటుంది. అయితే దాని బటన్ నొక్కుళ్ళు నేర్చుకోవడానికి ఓపిక ఉండాలి. ఇష్టంగా నేర్చుకునేవాళ్ళకి అది ఇవ్వండి, ఇంట్లో అందరూ వాడే టార్చిగా వద్దు.

విమానంలో తీసుకెళ్ళొచ్చా?

టార్చి తీసుకెళ్ళొచ్చు. విడిగా ఉన్న లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సామానులోనే, కొసలకి టేపు వేసి లేదా ప్లాస్టిక్ డబ్బాలో. గన్నవరంలో చెక్ ఇన్ బ్యాగులో పెడితే బ్యాగు తెరిపించి తీయిస్తారు.

అయిపోయిన సెల్లులు ఏం చేయాలి?

తడిచెత్త, పొడిచెత్తలో కలపకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్ళదే. ఒక డబ్బాలో పోగుచేసి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునే చోట ఇవ్వండి. లిథియం అయితే రెండు కొసలకి టేపు అంటించి మరీ.

అమ్మానాన్నలకి ఏది ఇవ్వాలి?

ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసమే నన్ను ఎక్కువమంది అడుగుతారు. వాళ్ళకి తిప్పే రకం వద్దు, వేళ్ళ నొప్పులకి తిరగదు. నాలుగైదు వెలుగులు ఉన్నది కూడా వద్దు, ఏ నొక్కుకి ఏమవుతుందో గుర్తుండదు. వెనక పెద్ద బటన్, రెండే వెలుగులు, డబుల్ ఏ సెల్లు. టార్చి ముందు భాగాన చీకట్లో కనిపించే రేడియం స్టిక్కరు ముక్క అంటించండి, మంచం పక్కన తాడుతో కట్టండి. మా అమ్మకి అలాగే ఇచ్చాను. ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోన్‌లో మాట్లాడుతూనే "అమ్మా, ఒకసారి లైటు వెయ్యి" అంటాను, వెలిగిందని చెబుతుంది. రెండో సెల్లు ఎక్కడ పెట్టాలో కూడా మేం కలిసే అనుకున్నాం: పూజగదిలో అగ్గిపెట్టె పక్కన, ఎందుకంటే ఆ చోటు ఆవిడ కళ్ళు మూసుకుని అయినా తడుముకుని పట్టుకోగలదు.